కొత్త బుల్లెట్‌ను నమ్మే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న దీవించి రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. మీ భద్రతా విభాగంలోని గార్డుల 9 ఎంఎం పిస్తోళ్లకు ఇన్నాళ్లూ వాడుతున్న హాలో పాయింట్ రౌండ్లను మానేసి, ముక్కున గాడులు తీసిన కొత్తరకం రాగి బుల్లెట్లకు మారాలని పైవాళ్లు అనుకుంటున్నారనీ, అవి నిజంగా మెరుగైనవో కావో పరీక్షించి నివేదిక ఇచ్చే పని నీకు అప్పగించారనీ రాశావు. ముప్ఫై ఏళ్లకు పైగా ఫైరింగ్ రేంజిలో శిక్షకుడిగా గడిపినవాణ్ణి కనుక, ఇటువంటి నివేదికలు ఎక్కడ దారి తప్పుతాయో నాకు తెలుసు. ఒకసారి నా నివేదికే దారి తప్పింది. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

పోల్చవలసింది హాలో పాయింట్‌తో కాబట్టి, అది చేసే పని ఏమిటో ముందు స్పష్టంగా మనసులో ఉంచుకో. దాని ముక్కున ఉన్న గుంటలోకి తడి కణజాలం బలంగా చొరబడి అంచులను బయటికి విప్పుతుంది. 0.355 అంగుళాల వ్యాసంతో బయలుదేరిన బుల్లెట్ అర అంగుళం దాటి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. దీనివల్ల గాయం వెడల్పవుతుందన్నది అందరూ చెప్పేదే. నేను అంతకన్నా ముఖ్యమని భావించేది రెండో ప్రయోజనం: విచ్చుకున్న బుల్లెట్ త్వరగా వేగం కోల్పోయి లోపలే ఆగిపోతుంది, వెనక నిలబడిన అమాయకుడి దాకా పోదు. జనం తిరిగేచోట కాపలా కాసే మీ గార్డులకు ఈ రెండోది చిన్న విషయం కాదు. కొత్త బుల్లెట్‌ను మెచ్చుకునే ప్రకటనల్లో దీని ప్రస్తావన దాదాపుగా కనబడదు కాబట్టి, నీ నివేదికలో మాత్రం తప్పకుండా కనబడాలి.

బుల్లెట్లను ఎలా కొలవాలన్న ఆలోచన మారిపోయింది 1986 ఏప్రిల్ 11 తరవాత. ఆ రోజు అమెరికాలోని మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ ఇద్దరు బ్యాంకు దోపిడీదారులకూ మధ్య కాల్పులు జరిగి, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దోపిడీదారుల్లో ఒకడికి మొదట్లోనే తగిలిన 9 ఎంఎం హాలో పాయింట్ ఒకటి చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలోకి దిగి, గుండెను చేరకముందే ఆగిపోయింది. బుల్లెట్ తాను విచ్చుకోవలసినట్టే విచ్చుకుంది, కానీ లోతు చాలలేదు. అతడు ఆ తరవాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. అంతకుముందు దాకా శక్తి లెక్కలకూ, బుల్లెట్ దూరినప్పుడు క్షణకాలం పొంగి మళ్లీ మూసుకునే తాత్కాలిక కుహరానికీ పెద్దపీట వేసేవారు. ఆ ఘటన తరవాత ఎఫ్‌బీఐ లోతుకు మొదటి స్థానం ఇచ్చి, జెలటిన్‌లో, అంటే కణజాలానికి బదులుగా కాల్చి చూసే మెత్తని దిమ్మలో, కనీసం 12 అంగుళాలు, గరిష్ఠంగా 18 అంగుళాలు అనే హద్దు పెట్టుకుంది. మనిషి ఎప్పుడూ ఎదురుగా చేతులు దించుకుని నిలబడడు, చెయ్యి అడ్డం రావచ్చు, పక్కకు తిరిగి ఉండవచ్చు, కాబట్టే 12 అంగుళాలు కావలసి వచ్చింది.

వాళ్లే 1989లో వెలువరించిన పత్రం మరో మాట కూడా చెప్పింది. పిస్తోలు బుల్లెట్ వేగంలో తాత్కాలిక కుహరాన్ని నమ్ముకోవడానికి లేదు, బుల్లెట్ స్వయంగా తాకి నలిపిన మేరకే నిలిచే గాయం అవుతుంది. రైఫిల్ సంగతి వేరు, అక్కడ వేగం రెట్టింపు పైమాటే. మీకు వచ్చిన కొత్తరకం బుల్లెట్ల ప్రచారమంతా దాదాపుగా ఈ కుహరం మీదే నడుస్తుంది: గాడులు ద్రవాన్ని పక్కలకు చిమ్మి, విచ్చుకోకుండానే పెద్ద గాయం చేస్తాయని. పారదర్శకమైన దిమ్మలో నెమ్మది వేగంతో తీసిన వీడియోలో అది అద్భుతంగా కనబడుతుంది. ఆ పొంగును చూసి ముగ్ధుడవకు. అంతా సద్దుమణిగాక దిమ్మను కోసి, బుల్లెట్ దారిలో శాశ్వతంగా మిగిలిన చీలిక ఎంతో నీ చేత్తో కొలుచుకో.

శక్తి అంకెల విషయంలో ఒక లెక్క చేసి చూపిస్తాను. 124 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) బుల్లెట్ సెకనుకు 1150 అడుగుల వేగంతో వెళితే దాని శక్తి సుమారు 364 ఫుట్ పౌండ్లు. 65 గ్రెయిన్ల తేలికపాటి కొత్త బుల్లెట్ 1700 అడుగుల వేగంతో వెళితే సుమారు 417. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసేది ఈ రెండో అంకెనే. అదే బరువును వేగంతో గుణించి చూస్తే పాతదానికి 142600, కొత్తదానికి 110500 వస్తాయి, అంటే నాలుగో వంతు కన్నా కొంచెం తక్కువే తగ్గింది. తేలిక బుల్లెట్‌కు రీకాయిల్ (పిస్తోలు వెనక్కి తన్నడం) తక్కువగా ఉండడానికి ఇదే కారణం, అది మంచిదే. కానీ ఎముకో అడ్డమో వచ్చినప్పుడు ముందుకు తోసుకుపోయే సత్తువ తగ్గడానికి కూడా ఇదే కారణం. కనుక శక్తి అంకెను నివేదికలో ఒక గడిలో రాసి వదిలెయ్యి, దాన్ని ఆధారంగా తీసుకోకు.

ఇక జెలటిన్. పది శాతం ఆర్డ్‌నెన్స్ జెలటిన్‌ను 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, 0.177 అంగుళాల ఉక్కు గుండును సెకనుకు 590 అడుగుల వేగంతో కాల్చినప్పుడు అది సుమారు 8.5 సెంటీమీటర్లు దిగాలి. అప్పుడే ఆ దిమ్మ సరైనదని అర్థం. ఎవరు ఏ ఫలితం చూపించినా ముందు ఈ గుండు ఎంత దిగిందో అడుగు. గది వేడికి మెత్తబడిన దిమ్మలో ప్రతి బుల్లెట్ లోతుగా వెళుతుంది. పారదర్శకంగా ఉండే కృత్రిమ జెల్ వాడుకకు సులువు, వేడికి తట్టుకుంటుంది, చూపించడానికి బాగుంటుంది, కానీ అందులో వచ్చిన లోతునూ విచ్చుకున్న వెడల్పునూ అసలు జెలటిన్ అంకెల పక్కన పెట్టకూడదు. కొత్తదీ పాతదీ ఒకే రోజు, ఒకే దిమ్మలో, ఒకే పిస్తోలుతో కాల్చినప్పుడే పోలిక నిలబడుతుంది.

నా పొరపాటు ఇక్కడ జరిగింది. ఒక అమ్మకందారు తెచ్చిన తేలిక హాలో పాయింట్‌ను పొడవాటి గొట్టం ఉన్న పిస్తోలుతో, గుడ్డ అడ్డం లేని దిమ్మలోకి మూడు సార్లు కాల్చి చూశాను. మూడూ పువ్వుల్లా విచ్చుకున్నాయి. బాగుందని రాసిచ్చాను. మా వాళ్లు నడుముకు కట్టుకునేవి మాత్రం పొట్టి గొట్టం పిస్తోళ్లు. కొన్ని నెలల తరవాత మనసు ఊరుకోక, ఆ పొట్టి పిస్తోలుతోనే, దిమ్మ ముందు నాలుగు పొరల డెనిమ్ వేలాడదీసి మళ్లీ ఐదు కాల్చాను. రెండు విచ్చుకోనే లేదు. దిమ్మ కోసి తీసి చూస్తే ముక్కు గుంటలో నీలం దారపు పోగులు సీసంలో కూరుకుపోయి, సూదితో పెళ్లగించినా రాలేదు. ఆ రెండూ దిమ్మను దాటి వెనక పెట్టిన చెక్కలోకి వెళ్లాయి. గొట్టం పొట్టిదైతే సెకనుకు దాదాపు వంద అడుగుల దాకా వేగం పడిపోవచ్చునని తెలిసి కూడా నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ నెలల్లో ఎవరూ ఆ పిస్తోలు తీయవలసిన అవసరం రాకపోవడం నా అదృష్టం. అప్పటి నుంచి గార్డు చేతిలో ఉండే ఆయుధంతో తప్ప దేనితోనూ తీర్పు చెప్పలేదు.

ఈ గుడ్డ విషయంలో కొత్త బుల్లెట్లకు న్యాయం చేయాలి. గాడులు తీసిన ఘన రాగి బుల్లెట్‌కు పూడుకుపోయే గుంటే లేదు, కాబట్టి బట్టలు అడ్డం వచ్చినా రాకపోయినా ఇంచుమించు ఒకేలా ప్రవర్తిస్తుంది. గుంటలో మెత్తని పాలిమర్ నింపిన రకాలు కూడా ఈ లోపాన్ని దిద్దడానికి పుట్టినవే. ఇది నిజమైన మేలు, నివేదికలో ఒప్పుకో. అయితే విచ్చుకోని బుల్లెట్‌కు తనను తాను ఆపుకునే గొడుగు ఉండదు. వాటిలో కొన్ని 18 అంగుళాలు దాటి పోతాయి. ముక్కలైపోయే రకాలది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చిక్కు: ఒక్కొక్క ముక్క తేలిక కావడంతో చాలా ముక్కలు పైపైనే ఆగిపోతాయి. 1970ల నుంచి దొరుకుతున్న, ఈ ముక్కలయ్యే రకానికే చెందిన గ్లేసర్ సేఫ్టీ స్లగ్ మీద వచ్చిన ప్రధాన ఆక్షేపణ కూడా లోతు చాలదన్నదే.

సగటును నమ్మవద్దు. ఒక బుల్లెట్ ఐదు సార్లలో 13, 14, 14, 15, 14 అంగుళాలు దిగింది. ఇంకొకటి 8, 9, 14, 17, 22 దిగింది. రెండింటి సగటూ 14 అంగుళాలే. మొదటిది మీ గార్డుకు ఇవ్వవచ్చు, రెండోది ఇవ్వకూడదు. అందుచేత ప్రతి కాల్పునూ విడిగా రాయి, నీ తీర్పును అన్నిటికన్నా చెడ్డ కాల్పు మీద ఆధారపడి చెప్పు.

దిమ్మకన్నా ముందు పిస్తోలు ఒప్పుకోవాలి. కొత్త బుల్లెట్ల ముక్కు ఆకారం వేరు కావడంతో కొన్ని పిస్తోళ్లలో ఫీడ్ ర్యాంప్ (రౌండును గొట్టంలోకి ఎక్కించే వాలు) మీద తట్టుకుని స్లైడ్ (పిస్తోలు పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) సగంలో ఆగిపోతుంది. ఇరవై రౌండ్లు ఆటంకం లేకుండా పేలాయని సంతోషించకు. ఇరవైలో ఒక్కటీ మొరాయించకపోయినా, అసలు మొరాయింపు రేటు ఏడింట ఒకటి వరకూ ఉండే అవకాశాన్ని అది తోసిపుచ్చదు. నూటికి ఒకటి కన్నా తక్కువ అని ధైర్యంగా చెప్పాలంటే సుమారు 300 రౌండ్లు ఏ ఆటంకమూ లేకుండా పేలాలి. ఒక్క పిస్తోలుతో సరిపెట్టక నాలుగైదింటికి పంచు, పాతబడిన మ్యాగజైన్లు కూడా వాడు. తేలిక బుల్లెట్ గురిపెట్టిన చోటికి కాస్త కిందుగా తగలవచ్చు, అది కూడా కాగితం మీద చూసుకో. ధర సంగతి క్లుప్తంగా చెబుతాను: సాధనకు కొనలేనంత ఖరీదైన రౌండును నడుముకు కట్టించకు.

పోలికకు ఎంచుకున్న హాలో పాయింట్ ఏ తరానిదో చూడు. అమ్మకందారులు తరచుగా 1980ల నాటి నమూనాను పక్కన పెట్టి తమది గెలిచిందంటారు. ఈనాటి వాటిలో జాకెట్‌నూ (పై లోహపు తొడుగు) లోపలి సీసాన్నీ విడిపోకుండా అతికిస్తున్నారు, అంచులకు ముందే గీతలు పెడుతున్నారు. మయామీ తరవాత పెద్ద క్యాలిబర్లకు (బుల్లెట్ వ్యాసపు కొలతలకు) మారిన ఎఫ్‌బీఐ 2014లో మళ్లీ 9 ఎంఎంను సమర్థించింది. మంచి హాలో పాయింట్ల పనితీరు ఇప్పుడు ఆ క్యాలిబర్లన్నిటిలో దాదాపు సమానమైందనీ, 9 ఎంఎంతో ఎక్కువమంది వేగంగా, సరిగ్గా గురి కొట్టగలరనీ వాళ్ల వాదన. ఆ హాలో పాయింట్ల వెనక వేల కొద్దీ నిజమైన కాల్పుల రికార్డులూ, శవపరీక్షలూ ఉన్నాయి. కొత్తవాటికి ఆ స్థాయిలో చరిత్ర లేదు. ఎవరైనా ఒక్క దెబ్బతో ఇంతమంది పడిపోయారని పట్టికలు చూపిస్తే, ఒకటికన్నా ఎక్కువ దెబ్బలు తగిలిన సంఘటనలను లెక్కలోంచి తీసేశారా అని అడుగు. 1990ల నాటి అటువంటి పట్టికల్లో అదే చేశారు. ఒక బుల్లెట్ చాలనందువల్ల రెండోది కాల్చవలసి వచ్చిన సంఘటనలను తీసేస్తే మిగిలేది ఎలాగూ మంచిగానే కనబడుతుంది.

నిరూపించే భారం కొత్తదాని మీదే ఉండాలి. పాతదానితో సమానమైతే మార్చవద్దని రాయి. గుడ్డ అడ్డం ఉన్నా లేకపోయినా ప్రతి కాల్పూ 12, 18 అంగుళాల మధ్యే ఆగి, మీ పిస్తోళ్లలో ఎక్కడా తట్టుకోక, మిగిలిన గాయపు దారి హాలో పాయింట్‌దానికి తీసిపోకపోతే, మార్చమని నిస్సంకోచంగా రాయి. నాకు పాతవాటి మీద మమకారం లేదు.

కాల్చాక దిమ్మలోంచి తీసిన బుల్లెట్లను కడిగి, ఒక్కొక్కటీ విడి కవరులో వేసి, పైన పిస్తోలు నంబరూ, వేగమూ, లోతూ, గుడ్డ ఉన్నదీ లేనిదీ రాసి పెట్టు. వెడల్పును కాలిపర్‌తో రెండు వైపులా కొలువు. విచ్చుకోని వాటిని మాత్రం పారేయవద్దు, వాటినే ముందుగా నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న