ఆరు వేల మంది ఉన్నా మూడొందల మందికే ఎందుకు?

ప్రశ్న: పలాస జీడిపప్పు వ్యాపారం మాది. మా ఫేస్‌బుక్ పేజీకి ఆరు వేల మంది ఫాలోవర్లు. పోస్టు పెడితే మూడొందల మందికి కూడా చేరట్లేదు. డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించే ‘బూస్ట్’ నొక్కమని రోజూ అడుగుతోంది. డబ్బు కట్టమంటారా?
– ఒక వ్యాపారి, కాశీబుగ్గ

జవాబు: లోపం మీ పేజీది కాదండీ. ఫాలో అయిన వాళ్లందరికీ పోస్టు చూపిస్తామని ఆ కంపెనీ ఎవరికీ మాటివ్వలేదు. ఫేస్‌బుక్ తెరవగానే వరసగా పోస్టులు కనిపించే న్యూస్‌ఫీడ్ 2006 సెప్టెంబరులో వచ్చింది. ఎవరికి ఏది ముందు కనపడాలో తేల్చేది సాఫ్ట్‌వేరే. బంధుమిత్రుల పోస్టులకే పెద్దపీట వేస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ ప్రకటించాక దుకాణాల పేజీలు మరింత వెనక్కి పోయాయి. మెటాగా పేరు మార్చుకున్న ఈ కంపెనీకి 2024లో వచ్చిన రాబడి సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97 పాళ్లు ప్రకటనల సొమ్మే. ఉచితంగా చేరేది తగ్గితే డబ్బు కట్టేవాళ్లు పెరుగుతారు మరి.

డబ్బు పెట్టొచ్చు, కానీ చూసుకోకుండా బూస్ట్ నొక్కొద్దు. అలా నొక్కితే లైకులు కొట్టే అలవాటున్న వాళ్ల దగ్గరికే ప్రకటన పోయే అవకాశం ఎక్కువ. మీకు కావాల్సింది పప్పు కొనేవాళ్లు. ఫేస్‌బుక్ ప్రకటనలు నడిపే యాడ్స్ మేనేజర్ తెరిచి, వాట్సాప్‌లో మెసేజీలు రావడమే లక్ష్యంగా ఎంచుకోండి. ప్రాంతం దగ్గర పలాస తీసేసి, పార్శిల్ పంపగలిగే విశాఖ, హైదరాబాద్ పెట్టండి. గుండు పప్పా, బద్దా, కిలో ఎంత – ఇవి మొదటి వరసలోనే ఉండాలి. ప్రకటన చోటును ఫేస్‌బుక్ వేలం వేస్తుంది, అయితే ఎక్కువ పాడినంత మాత్రాన అది దక్కదు. చూసినవారు స్పందించే అవకాశం, ప్రకటన నాణ్యత కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే ధర దాచిన ప్రకటనకు స్పందన తగ్గితే ఖర్చు ఎక్కువ కావచ్చు.

రోజుకు 200 రూపాయల చొప్పున ఏడు రోజులు నడిపి చూడండి. మధ్యలో ఫొటో, ప్రాంతం మార్చకండి. మారిస్తే, ప్రకటన ఎవరికి చూపితే పనవుతుందో సాఫ్ట్‌వేర్ నేర్చుకునే ‘లెర్నింగ్’ మళ్లీ మొదటికొస్తుంది. 1,400కు 18 శాతం జీఎస్టీ కలిపితే 1,652. దానికి ఏడు ఆర్డర్లు వచ్చాయనుకుందాం, ఒక్కోదానికి 236 పడ్డట్టు. ఆర్డరు మీద మీకు మిగిలేది అంతకన్నా తక్కువైతే వెంటనే ఆపేయండి.

అసలు పని ఆ తర్వాతే. కొన్నవారి నంబర్లు, వాళ్లను అడిగి, ఒక పుస్తకంలో రాసుకోండి. ఒకే మెసేజీని అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్న వారికే ఆ మెసేజీ చేరుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ప్రతి పార్శిల్‌లో నంబరు సేవ్ చేసుకోమని ఒక చీటీ వేయండి. ఫాలోవర్లు ఆ కంపెనీ చేతిలో ఉన్నారు, ఈ పుస్తకం మాత్రం మీ చేతిలో ఉంటుంది.

ప్రశ్న: వాట్సాప్‌కి మనం పైసా కట్టం కదా. ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లు పోసి దాన్నెందుకు కొన్నట్టు?
– ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: 2014 ఫిబ్రవరిలో ఆ బేరం ప్రకటించేనాటికి వాట్సాప్ వాడేవాళ్లు నెలకు 45 కోట్లు. పక్కనే ఎదుగుతున్న పోటీని ఫేస్‌బుక్ ఇంట్లోకి తెచ్చుకుంది. 2012లో 100 కోట్ల డాలర్లకు ఇన్‌స్టాగ్రామ్ బేరం కుదుర్చుకున్నదీ ఇందుకేనని మా అభిప్రాయం. ఏడాదికి ఒక డాలరు చందాను 2016లో ఎత్తేశారు. ఇప్పుడు కట్టేది వ్యాపార సంస్థలు: బ్యాంకుల వంటివి మనకు పంపే మెసేజీలకు రుసుము చెల్లిస్తాయి. పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప ఎవరికీ అర్థం కాకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ వల్ల మన మాటలను కంపెనీ చదవలేదు. నంబరు, ఫోను రకం లాంటి వివరాల సంగతి వేరు. వాటిని పంచుకోవడానికి ఒప్పుకుంటేనే వాడుకోమన్న 2021 షరతుల మీదే మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ప్రశ్న: ఫేస్‌బుక్ ఉచితంగా ఇంటర్నెట్ ఇస్తానంటే మన దేశం వద్దందట. పేదవాళ్లకు నష్టం కాదా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి 2015లో తెచ్చిన ఆ పథకానికి తర్వాత ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టారు. ఉచితమన్నది ఇంటర్నెట్ మొత్తం కాదమ్మా, ఫేస్‌బుక్ షరతులకు ఒప్పుకుని చేరిన కొన్ని సైట్లు మాత్రమే. ఏ సైటు చూస్తున్నారో దాన్నిబట్టి డేటా ధర మార్చకూడదని 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. మీరితే రోజుకు 50 వేలు, మొత్తం మీద 50 లక్షల దాకా జరిమానా. అది చాలా మంచి పని అని మా గట్టి నమ్మకం. పొందూరు నేతగాళ్లు ఖద్దరు అమ్ముకోవడానికి సొంత సైటు పెట్టుకున్నారనుకోండి. ఫేస్‌బుక్ ఉచితమై, వీళ్ల సైటుకు డేటా ఖర్చయితే, కొనేవాళ్లు ఇటు తొంగి కూడా చూడరు.