సమాధానం: భోజనాల దగ్గర నోరు విప్పని పిల్లాడు

13 ఏళ్ల మీ అబ్బాయి ఫోన్ చూస్తూ తిని, ఏమడిగినా ‘బానే ఉంది’ అనేసి గదిలోకి వెళ్లిపోతున్నాడన్నారు కదా. ముందు ప్రశ్నలు ఆపండి. ‘స్కూల్ ఎలా జరిగింది?’ అన్నా ఆ వయసులో విచారణలాగే వినిపిస్తుంది. దానికి బదులు మీ రోజు గురించి చెప్పండి, అదీ మీరు పప్పులో కాలేసిన సంగతి. మా మేనేజర్ మీద విసుక్కుంటూ రాసిన మెసేజ్ పొరపాటున ఆఫీసు గ్రూపులోనే పెట్టేశానని చెప్తే, మా అమ్మాయి నోట్లోది మింగకుండానే పగలబడి నవ్వింది. ఆ తర్వాత తన క్లాసులో జరిగిన గొడవ తనే చెప్పుకొచ్చింది.

ఫోన్లు పక్క గదిలో ఉండాలి, మీవి కూడా (మా ఇంట్లో పిల్లకన్నా మావారితోనే కష్టమైంది!). మార్కుల ఊసెత్తకండి. రోజూ కలిసి తినడం కుదరకపోతే వారానికి 2 రోజులు, ఓ 20 నిమిషాలు చాలు. వెంటనే మాట్లాడలేదని టెన్షన్ పడకండి. మా ఇంట్లో మొదటి వారమంతా చెంచాల చప్పుడే.