ఖాట్మండు ఫుట్‌బాల్ క్యాంపు: ఆట రానివాళ్లు ఏం చేయాలి?

వందనాలు బ్రదర్. మీ చర్చి నుంచి వెళ్తున్న ఎనిమిది మందిలో ఇద్దరికే ఫుట్‌బాల్ వచ్చు, మిగతావాళ్లం ఖాట్మండులో ఏం చేయాలి, పిల్లలకు సాక్ష్యం చెప్పొచ్చా, అంటే మన విశ్వాసం గురించి పంచుకోవచ్చా అని అడిగారు.

ఆట గురించి టెన్షన్ వద్దు. పేర్లు రాసుకోవడం, నీళ్లు అందించడం, కోన్‌లు సర్దడం, దెబ్బ తగిలితే ఐస్ పెట్టడం... క్యాంపులో సగం పని ఇదే. కోచింగ్ అక్కడి కోచ్‌లకు వదిలేయండి. మొదటిసారి నేనూ విజిల్ పట్టుకుని తెగ హడావుడి చేశాను. పదేళ్ల పిల్లాడొకడు నా కాళ్ల మధ్య నుంచి బంతి తీసుకెళ్లిపోయాక బుద్ధిగా స్కోరు రాస్తూ కూర్చున్నాను.

సాక్ష్యం విషయంలో మాత్రం జాగ్రత్త. నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపించేస్తారు కూడా. మీకేమీ కాకపోయినా, మీరు వచ్చేశాక అక్కడి సంఘం ఇబ్బందుల్లో పడొచ్చు. కాబట్టి గ్రౌండ్‌లో కరపత్రాలు, ప్రసంగాలు వద్దు. ఆరాధన స్థానిక చర్చిలో చేసుకోండి. అక్కడ చాలా సంఘాలు శనివారం కూడుకుంటాయి.

మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ 15 ఏళ్లలోపు, 65 దాటినవాళ్లకే చెల్లుతుంది.