జెల్‌తో పుచ్చు తీస్తే సిమెంట్ నిలుస్తుందా?

డ్రిల్ అంటే భయపడే మీ ఎనిమిదేళ్ల బాబుకు జెల్‌తో పుచ్చు తీసి ఫిల్లింగ్ చేస్తామన్నారని, అంచుల్లో లీకవుతుందేమోనని అడిగారు. జెల్ వల్ల లీకవదండీ. తడి వల్ల, అంచు సరిగ్గా శుభ్రం చేయకపోవడం వల్ల లీకవుతుంది. మా అమ్మ పన్ను చూశాక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అమ్మకు చిత్తూరులో ఒక క్లినిక్‌లో డ్రిల్‌తోనే తీసి పంటి రంగు సిమెంట్ (లైటుతో గట్టిపడే కాంపోజిట్) పెట్టారు. పుచ్చేమో రెండు దవడ పళ్ల సందులో, చిగురు దాకా దిగింది. దూది కుక్కి, మధ్యలో లేపి ఉమ్మమని, మళ్లీ పడుకోబెట్టి పని ముగించారు. కొన్ని నెలలకే చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది. తిరుపతిలో ఒక డాక్టరమ్మ ఆ ఫిల్లింగ్ తీసింది. పైభాగం ఎంత గట్టిగా పట్టుకుందంటే డ్రిల్‌తో అరగదీయాల్సి వచ్చింది. చిగురు అంచు దగ్గర మాత్రం సన్నటి మొన తగలగానే పెచ్చులా ఊడింది, వెనకంతా గోధుమరంగు మెత్తదనం. ఒకే పన్ను, ఒకే డ్రిల్, ఒకే సిమెంట్! పైన ఎనామిల్‌కు, అంటే పంటి పైనుండే గట్టి పొరకు పట్టింది. కింద ఎనామిల్ లేనిచోట, తడిలో, పట్టలేదు.

డాక్టరమ్మ అమ్మ పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్, అంటే ఉమ్మి తగలకుండా ఆపే రబ్బరు పొర, బిగించింది. అంచులన్నీ గట్టి పన్ను తగిలేదాకా తీసి, నరం దగ్గర మాత్రం చేతి పనిముట్టుతో గీకి, కొంచెం మెత్తటిది కావాలనే ఉంచింది. సిమెంట్‌ను 2 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి, ఒక్కో పొరకూ నీలం లైటు కొట్టింది. లైటుకు గట్టిపడేటప్పుడు అది కాస్త కుంచించుకుంటుంది కదా, ఒకేసారి కుక్కితే అంచు దగ్గర వదిలేస్తుంది. నోరు విడిపించాక అమ్మ ఊరుకోలేదు. "పుచ్చు లోపలే వదిలేస్తివే తల్లీ?" అని నిలదీసింది. "అంచు బిర్రుగా మూసుకుంటే లోపలి క్రిములకు తిండి అందదమ్మా" అందామె.

ఇక జెల్. కొన్నింటిలో బొప్పాయి పాలలో ఉండే పపైన్ ఉంటుంది. చెడిపోయిన భాగాన్నే మెత్తబరుస్తుంది, గట్టి ఎనామిల్‌ను ఏమీ చేయదు. అందుకే రంధ్రం మూతి ఇరుకుగా ఉంటే ముందు కొంచెం డ్రిల్ తప్పదు. "అసలు డ్రిల్లే ఉండదు" అని బోర్డు పెట్టేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరు? పరిశోధకులు పీకేసిన పళ్లకు ఫిల్లింగ్ చేసి, వేడినీళ్లలో, చన్నీళ్లలో మార్చి మార్చి ముంచి, రంగులో నానబెట్టి, అంచుల్లోంచి రంగు ఎంత లోపలికి దిగిందో కోసి చూస్తారు. వాటిలోనూ జెల్, డ్రిల్‌లలో ఏదో ఒక పద్ధతే ఎప్పుడూ గెలిచిందని లేదు.

నాకు కోపమొచ్చేది వేరే. రసీదులో "ఫిల్లింగ్" అని ఒక్క ముక్క రాసిస్తారు, ఏం పెట్టారో రాయరు. ఇంట్లోవాళ్లేమో "పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే" అంటారు. పాల దవడపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి!

బాబుకు జెల్ చేయించండి. పన్ను పొడిగా ఎలా ఉంచుతారో, చివర్లో అంచులు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తారా అని ముందే అడగండి. పిల్లాడు కదలకుండా ఉండలేకపోతే గ్లాస్ అయనోమర్ సిమెంట్ పెడతారేమో కనుక్కోండి. అది పంటికి దానంతటదే అతుక్కుంటుంది, కాస్త తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ కూడా వదులుతుంది.