ఐస్ నిర్బంధంలో తమ్ముడు: ఇన్సులిన్ చీటీ, సంతకం, బాండు

ప్రశ్న: మాది బరంపురం. మా తమ్ముడు ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద అమెరికా వెళ్ళాడు. చదువు మధ్యలో ఆగి స్టేటస్ (అక్కడ ఉండే అనుమతి) పోయింది. మూడు వారాలుగా టెక్సస్‌లో ఐస్ (అమెరికా వలసల అమలు విభాగం) నిర్బంధంలో ఉన్నాడు. షుగరు ఉంది, ఇక్కడి డాక్టరు రాసిన ఇన్సులిన్ రోజూ రెండు పూటలా వేసుకుంటాడు. నిద్ర పట్టడం లేదు, ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టి వచ్చేస్తానని ఫోన్లో ఏడుస్తున్నాడు. ఇక్కడి నుంచి ఏం చేయగలం?

జవాబు: చేయగలిగింది చాలానే ఉందమ్మా. ముందు మందు సంగతి చూడండి, అది కోర్టు వాయిదా దాకా ఆగదు.

ఈ రోజే మీ డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించండి: జబ్బు ఎప్పటి నుంచి, చివరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) ఎంత, ఇన్సులిన్ రకం, ఏ పూట ఎన్ని యూనిట్లు, తిండికి ఎంత ముందు. బ్రాండ్ పేరు ఒక్కటీ రాస్తే చాలదు. మనం 30/70 అనే ఇన్సులిన్ మిశ్రమాన్ని అక్కడ 70/30 అంటారు, మందు ఒకటే. ఇక్కడి సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, అక్కడివి 100వి. మోతాదు మిల్లీలీటర్లలో రాశారంటే రెండున్నర రెట్లు ఎక్కువ ఎక్కే ప్రమాదం ఉంది. యూనిట్లే రాయించండి.

చాలా నిర్బంధ కేంద్రాలకు వర్తించే ఐస్ 2011 ప్రమాణాల ప్రకారం వచ్చిన 12 గంటల్లో ప్రాథమిక ఆరోగ్య పరీక్ష, 24 గంటల్లో మందుల పరిశీలన, 14 రోజుల్లో పూర్తి పరీక్ష జరగాలి. ఇవి జరిగాయా అని అడగండి. లేకపోతే వైద్యం కోసం లిఖితంగా అర్జీ పెట్టి, తేదీ, జవాబు రాసుకోమనండి. సూది వేశాక తిండి ఎన్ని నిమిషాలకు వచ్చిందో కూడా రాయాలి, ఆలస్యమైతే షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఇంకో కేంద్రానికి మార్చేటప్పుడు కనీసం 7 రోజుల మందు, వైద్య సారాంశం వెంట పంపాలి. మందు తప్పిపోవడం ఎక్కువగా ఈ మార్పులోనే జరుగుతుంది. పాస్‌పోర్టులో ఒడిశా చూసి ఒడియా, హిందీ దుబాసీని ఇవ్వవచ్చు. తెలుగు కావాలని గట్టిగా అడగాలి.

నిద్ర పట్టకపోవడం పిరికితనం కాదు. ఎప్పుడు వదులుతారో తెలియదు, రాత్రిళ్ళు లైట్లు, మాటిమాటికీ మనుషుల్ని లెక్కపెట్టడం. నిర్బంధం సాగేకొద్దీ దిగులు, ఆందోళన ముదురుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. కొందరిలో విడుదలయ్యాకా మిగిలిపోతాయి. వైద్య సిబ్బందికి దాచకుండా చెప్పమనండి. చచ్చిపోవాలనిపిస్తుంటే ఆ క్షణమే చెప్పాలి. ఆ వంకన ఒంటరి గదిలో పెడితే లాయరు వెంటనే అభ్యంతరం తెలపాలి.

సంతకం మాత్రం లాయరు చూడకుండా వద్దు. దేశం నుంచి పంపేయమనే రిమూవల్ ఆర్డరు పడితే మామూలుగా పదేళ్ళు తిరిగి వెళ్ళలేడు. తనంతట తానే వెళ్ళిపోయే వాలంటరీ డిపార్చర్‌కు ఆ నిషేధం లేదు. రెండు కాగితాల్లోనూ ఇంటికి పంపిస్తామనే ఉంటుంది, నిద్రలేని మనిషి ఆ తేడా ఎక్కడ కనిపెడతాడు?

ప్రభుత్వం లాయరును పెట్టదు, మీరే పెట్టుకోవాలి. వీసాతో దిగాడు కాబట్టి జడ్జి ముందు బాండు (డబ్బు పూచీ మీద విడుదల) అడగవచ్చు. కనీసం 1,500 డాలర్లు. కట్టేవారికి అక్కడ చట్టబద్ధమైన స్టేటస్ ఉండాలి. జడ్జి చూసేది పారిపోతాడా, ప్రమాదకారా అనే. జబ్బు ఒక్కదానితో బాండు రాదు. అందుకే ఆరోగ్య కారణంగా విడుదల చేయమని ఐస్ అధికారికి వేరుగా అర్జీ పెట్టించండి, డాక్టరు ఉత్తరం దానికీ జతచేయాలి.

1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం మన కాన్సులేట్‌కు కబురు చేయమనే హక్కు అతనికి ఉంది. కొన్ని దేశాలవాళ్ళ విషయంలో అమెరికా తప్పనిసరిగా తెలియజేస్తుంది. ఆ జాబితాలో భారత్ లేదు, తనే అడగాలి. టెక్సస్ హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోది. మీరు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వైద్య వివరాలు మీకు చెప్పాలంటే అతను అనుమతి పత్రం మీద సంతకం చేయాలి.

ఈసారి ఫోన్ వస్తే మొదట వలసల విభాగం అతనికిచ్చిన తొమ్మిది అంకెల ఏ-నంబరు, కేంద్రం పేరు, ఆ పొద్దుటి షుగరు రీడింగు రాసుకోండి. లైను ఎప్పుడు తెగుతుందో తెలియదు.