ఇస్లాంలో కవిత్వం నిషిద్ధమా?

కాదు. ఈ అనుమానం ఖురాన్ 26వ సూరా (అధ్యాయం) ‘అష్‌షుఅరా’ (కవులు) నుంచి పుట్టింది. దారి తప్పినవాళ్లే కవుల వెంట నడుస్తారని, కవులు చేయనిది చెబుతారని 224–226 ఆయతులు (వాక్యాలు) అంటాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు, పొరపాటంతా అక్కడే. విశ్వసించి, సత్కార్యాలు చేసి, అల్లాహ్‌ను ఎక్కువగా స్మరించేవారిని 227వ ఆయతు స్పష్టంగా మినహాయిస్తుంది. శత్రువుల నిందాకవితలకు బదులివ్వమని ప్రవక్తే తన సహచరుడైన కవి హస్సాన్ బిన్ సాబిత్‌ను ప్రోత్సహించారు. హస్సాన్ కోసం మస్జిదులో మింబర్ (ప్రసంగ వేదిక) వేయించారని హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం).

13వ శతాబ్దంలో బూసీరీ అనే కవి రాసిన ప్రవక్త స్తుతికావ్యం ‘బుర్దా’, సుమారు 160 బైతులు (రెండు భాగాల పద్యపాదాలు), మీలాద్ (ప్రవక్త జన్మదిన) సభల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో ప్రవక్త శరణు కోరే పంక్తులకు సలఫీ (తొలి తరాల ముస్లింల పద్ధతినే పాటించాలనే) పండితులు అభ్యంతరం చెబుతారు. హైదరాబాద్‌లో ముహర్రం రోజుల్లో ఉర్దూ మర్సియా, నౌహా అనే శోకకవితలు చదువుతారు. నమాజులో పఠించేది మాత్రం ఖురాన్, ప్రార్థనావాక్యాలే, కవిత కాదు.