కొబ్బరిలో అది మొవ్వు కుళ్ళు కాదు, బోరాన్ లోపం

ప్రశ్న: తిత్లీ తుపాను తరువాత నాటిన కొబ్బరిలో కొత్త ఆకులు విచ్చుకోవడం లేదు. చీలికలు అతుక్కుపోయి కొస వంకర తిరుగుతోంది. మొవ్వు గట్టిగానే ఉన్నా, మొవ్వు కుళ్ళు అనుకుని రెండుసార్లు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు పోశాను. దుకాణంలో కోల్‌మనైట్ అనే తెల్లపొడి ఇచ్చి చెట్టుకు అరకిలో వేయమన్నారు. అది నీటిలో కరగడం లేదు. నకిలీదా?
– ఒక రైతు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ తెగులు మందు పోయడం ఆపండి. మొవ్వు కుళ్ళయితే మొవ్వాకు లాగగానే ఊడివస్తుంది, దుర్వాసన కొడుతుంది. మీది బోరాన్ అనే సూక్ష్మపోషకం లోపం. మీ ఉద్దానం ప్రాంతపు ఇసుక నేలల్లో వానకు బోరాన్ కిందికి దిగిపోతుంది.

కరగనంత మాత్రాన పొడి నకిలీ కాదు. బోరేట్ ఖనిజాలన్నీ ఒకే గుణంతో ఉండవు. బోరాక్స్, అంటే కంసాలి వాడే వెలిగారం, సోడియం బోరేట్. మెత్తన, నీటిలో కరుగుతుంది, బోరాన్ సుమారు 11 శాతం. కోల్‌మనైట్ కాల్షియం బోరేట్. బోరాక్స్ కంటే గట్టిది, శుద్ధమైనదైతే బోరాన్ దాదాపు 16 శాతం, నీటిలో కరిగేది బహు స్వల్పం. సోడియం, కాల్షియం రెండూ ఉన్న ఉలెక్సైట్ ఈ రెండింటికీ మధ్యరకం. శాస్త్రజ్ఞులు వీటిని బోరాన్ పరమాణువుల అల్లికను బట్టి వర్గీకరిస్తారు. మీకు కావలసింది మాత్రం కరిగే గుణమే. కోల్‌మనైట్ ఇసుక నేలలో నిదానంగా, ఎక్కువకాలం పనిచేస్తుంది. ఇప్పటికే లోపం బయటపడిన చెట్టుకు అంత ఆలస్యం పనికిరాదు.

ఇక అరకిలో సంగతి. శుద్ధమైన పొడి అయితే అందులో దాదాపు 79 గ్రాముల బోరాన్ ఉంటుంది. చెట్టుకు ఒక విడతకు కావలసింది ఐదారు గ్రాములు! లోపానికీ విషానికీ మధ్య ఎడం ఇంత తక్కువున్న పోషకాన్ని చేటలతో కొలిచి అమ్మేవారి చేత ముందు సంచి మీది శాతం చదివించండి. అక్కడ శాతం లేకపోతే కొనకండి.

బోరాక్స్ చెట్టుకు 50 గ్రాములు, ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వేయండి. మొదలుకు ఆనించకుండా పాదు అంతటా పలుచగా చల్లి, మట్టిలో కలిపి తడి ఇవ్వండి. మొవ్వులో పోయవద్దు. పొట్లం గట్టిగా మూసి పెట్టండి. గాలికి నీరు పోయి సున్నంలా మారిన బోరాక్స్‌లో అదే తూకానికి బోరాన్ ఎక్కువ. వంకరపోయిన ఆకులు బాగుపడవు, ఇకపై వచ్చేవి చూడండి. ముదురాకుల కొసలు మాడితే మోతాదు ఆపేయండి.

రెండో విడతకు ముందు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష గురించి అడగండి. వేడినీటిలో కరిగే బోరాన్ 0.5 పీపీఎం (పది లక్షల భాగాల మట్టిలో అర భాగం) కంటే తక్కువుంటేనే కొనసాగించండి. తోటలో నిమ్మ, చిక్కుడు ఉంటే వాటి దగ్గర బోరాక్స్ పడనీయకండి; అవి ఓర్వవు.